మూడు కాళ్ళ కుందేలు

మన దేశంలో అన్నిటికంటే ప్రమాదకరమైన వస్తువు ఏదంటే నేను ట్రైపాడ్ అంటాను. జోక్ కాదు. ఉత్త కెమెరా చేతిలో పట్టుకుంటే ఎవడో టూరిస్టులే అని వదిలేస్తారు, అదే దాని కింద మూడు కాళ్ళు పెట్టి చూడండి, పోలీసు దగ్గర్నుంచి పల్లీలమ్మే ఆయన దాకా అందరూ పర్మిషన్ అడిగేవాళ్ళే.

మొన్న ఆదివారం చెన్నై మెరీనా బీచ్‌లో మా షార్ట్ ఫిల్మ్ షూటింగ్. యూనిట్ మొత్తం ఆరుగురం, అందరం ఓఎమ్మార్ సాఫ్ట్‌వేర్ బాపతే. నేను ప్రొడక్షన్ మేనేజర్ని, అంటే వాటర్ క్యాన్ మోసేవాణ్ణి. బేటా, అంటే రోజు భత్యం, మనిషికి రెండిడ్లీ ఒక వడ, సాంబార్ మాత్రం ఎంతైనా. డైరెక్టర్ మా బావ. కథ ప్రకారం సముద్రంలో మునిగిపోతున్న సూర్యుణ్ణి చూస్తూ హీరో బ్రేకప్ డైలాగ్ చెప్పాలి.

పొద్దున్నే దిగిపోయాం. కాసేపటికి సూర్యుడు ఎర్రగా, నీళ్ళలోంచి అప్పుడే తీసిన గారెలా పైకొచ్చాడు, కెమెరామన్ ఆగలేక "బావా, రోల్ చేసేద్దామా" అన్నాడు. స్క్రిప్ట్‌లో సాయంత్రం అని ఉంది, డిసిప్లిన్ ఉండాలి అన్నాడు బావ. హీరో మాత్రం స్టేటస్‌కని ఫోన్లో ఇరవై సెకన్లు తీసుకున్నాడు.

తర్వాత శ్రమజీవుల విగ్రహం దగ్గర వైడ్ షాట్. దేవీప్రసాద్ రాయ్ చౌదరి చేసిన విగ్రహం, 1959 నుంచి నలుగురు మనుషులు అక్కడ ఒక బండని కదిలిస్తూనే ఉన్నారు. మా యూనిట్లో ఒకడు కదిలిస్తే ఐదుగురు ఇంకొంచెం లెఫ్ట్‌కి అంటారు. ట్రైపాడ్ రెండో కాలు విప్పామో లేదో పోలీసాయన వచ్చేశాడు.

"పర్మిషన్ ఇరుక్కా?"

"ఇరుక్కున్నాం సార్" అన్నాడు మా సౌండ్ కుర్రాడు, పాపం ఊరికీ అరవానికీ కొత్త, 'ఉందా' అని అడిగారని తెలీదు.

బావ అడ్డం వచ్చి, సార్ మా తెలుగు సినిమా పెరిగిందే ఈ ఊళ్ళో, వడపళనిలో విజయా వాహినీ స్టూడియో అని మొదలుపెట్టి ఓ పది నిమిషాలు చరిత్ర చెప్పాడు. ఆయన ఓపిగ్గా అంతా విని, అది ఉన్న చోట ఇప్పుడు మాల్ ఉంది, ఏసీ కూడా ఉంటుంది, అక్కడికెళ్ళి తీసుకోండి అన్నాడు.

ట్రైపాడ్ మడిచేశాం. అప్పట్నుంచి ట్రైపాడ్ నేనే, కెమెరా నా భుజం మీద, ఊపిరి పీలిస్తే షేక్ వస్తోందని తిట్లు. రిఫ్లెక్టర్‌కని తెచ్చిన థర్మోకోల్ గాలికి ఎగిరి మళ్ళీ కనబళ్ళేదు. సింక్ సౌండే, అంటే స్పాట్‌లో రికార్డయిన మాటలే కావాలని బావ పట్టు, ఏ టేక్ విన్నా హీరో "నన్ను మర్చిపో" అనగానే వెనకనుంచి సుండల్ అమ్మే ఆయన "తేంగా మాంగా పట్టాణి సుండల్", నిజం చెప్పాలంటే ఎక్స్‌ప్రెషన్ ఆయనదే బావుంది.

మధ్యాహ్నం నేనే ఉండబట్టలేక చెప్పాను, బావా ఇది తూర్పు తీరం, సాయంత్రం సూర్యుడు మన వీపు వెనకాల దిగుతాడు అని. నువ్వు క్యాన్లు చూస్కో అన్నాడు. ట్రైపాడ్ మడిచినా ఆ మూడు కాళ్ళు ఎక్కడికీ పోలేదు, బావ పట్టిన కుందేలుకొచ్చాయి. ఐదున్నరకి అందరం సముద్రం వైపు తిరిగి నిలబడ్డాం, సూర్యుడు మా వెనక రోడ్డు అవతల బిల్డింగుల మాటున పడిపోయాడు.

చివరికి ఎడిటింగ్‌లో ఆ స్టేటస్ వీడియోనే రివర్స్ చేశాం. సూర్యుడు చక్కగా మునిగాడు, కాకపోతే ఫ్రేమ్‌లో ఉన్న వాకింగ్ అంకుల్స్ అంతా వెనక్కి నడుస్తున్నారు. బావకి నచ్చలేదు. వచ్చే ఆదివారం మహాబలిపురం వెళ్దాం, అక్కడైతే సూర్యుడు కచ్చితంగా సముద్రంలోనే మునుగుతాడు అంటున్నాడు, నన్ను కొత్త థర్మోకోల్ కొనమన్నాడు.