లైన్లో నిలబడటం అంత కష్టమా?

మలేషియాలో కౌలాలంపూర్ నుంచి పెనాంగ్‌కి దాదాపు 350 కిలోమీటర్లు. వీకెండ్ కదా, దారిలో ఇపో అనే ఊరి దగ్గరే కార్లన్నీ ఆగిపోయాయి. సరే, అందరం ఆగాం. కానీ ఎమర్జెన్సీ లేన్‌లోంచి రయ్యిమని దూసుకుపోయేవాళ్లని చూస్తే ఒళ్లు మండిపోయింది. వెనక అంబులెన్స్ వస్తే ఎటు పోవాలి? "వాళ్ల వైపు చూడకురా, బీపీ పెరుగుతుంది" అంటాడు మా ఫ్రెండ్. ఎలా చూడకుండా ఉంటాం?

పెనాంగ్‌లోని జార్జ్‌టౌన్ చేరాక ఇంకో గోల. చార్ క్వే టియావ్ (వేయించిన బియ్యప్పిండి నూడుల్స్) బండి దగ్గర పెద్దాయన ఒక్కడే. రొయ్యలు, గుడ్డు, మొలకలు వేసి ఒక్కో ప్లేటూ విడిగా పెద్ద మంట మీద వేయిస్తున్నాడు. అలా చేస్తేనే ఆ పొగ రుచి వస్తుంది మరి! చొక్కా మొత్తం చెమటతో తడిసి వీపుకి అతుక్కుపోయింది. అయినా "ఇంకెంతసేపు?" అని మీదపడి అరుపులు. మధ్యలో దూరేవాళ్లు. మొహం మీద ఫోన్ పెట్టి వీడియోలు. తీయొచ్చా అని ఒక్కరైనా ఆయన్ని అడిగారా? తినేసి కూడా టేబుల్ వదలకుండా కబుర్లు! వేడి పళ్లెం పట్టుకుని నిలబడ్డ ముసలావిడ కనపడదా? ఆమెకి కుర్చీ ఇవ్వడానికి లేచింది మా ఫ్రెండ్ ఒక్కడే. చుట్టూ ఉన్న అంతమంది కుర్రాళ్లకి కాళ్లు లేవా?