పది నిమిషాల్లో తెలియని బండి

కావలి ట్రంకురోడ్డులో సెకండ్‌హ్యాండ్ బళ్లు అమ్మే శీనయ్యకూ, పల్సర్ 220ఎఫ్‌ను ఏళ్ల తరబడి వదలకుండా నడుపుతున్న మస్తాన్‌కూ మధ్య వాదం ఇది. పేర్లు కల్పితం, మాటలు మాత్రం ఆ అంగళ్ల ముందు రోజూ వినపడేవే. తగువు స్పోర్ట్ టూరర్ల మీద. అంటే ముందు గాలి అద్దం, పక్కలా ఫెయిరింగ్ అనే ప్లాస్టిక్ తొడుగు, కాస్త ముందుకు వంగి పట్టుకునే హ్యాండిల్, రెండూ 17 అంగుళాల చక్రాలు, తారురోడ్డు మీద దూరం పోవడానికి కుదిరిన బండి. ఉన్నవాళ్లు అమ్మరు, లేనివాళ్లు కొనరు.

శీనయ్య: జనం కొననిదాన్ని మంచిబండి అని ఎట్టంటావబ్బయా? యమహా ఫేజర్ 25 వచ్చింది 2017లో. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 పొగ రూలు రాగానే మూత పడింది. దాని తోడబుట్టిన ఎఫ్‌జెడ్ 25ను మాత్రం బీఎస్-6కు మార్చుకున్నారు. ఇంజిన్ అదే. ఫెయిరింగ్ ఉన్నది పోయింది, లేనిది అప్పటికి నిలిచింది. హోండా సీబీఆర్ 250ఆర్ కూడా ఆ గట్టు దాటలా. కంపెనీవోళ్లకు లెక్కలు రావా?

మస్తాన్: 220ఎఫ్‌ను 2022లో ఆపి 2023లో మళ్లీ తెచ్చారు గదన్నా. ఎవురూ అడక్కుండానే తెచ్చారా?

శీనయ్య: అడిగారు. కాలేజీ గేటు ముందర ఆపుకునేదానికి అడిగారు. దాని మీద కన్యాకుమారి పొయ్యేదానికి కాదు.

మస్తాన్: సరే, నువ్వు బండి అమ్మే పద్ధతి నేను చెప్తా, తప్పుంటే ఆపు. తాళం చేతిలో పెట్టి ‘ఒక రౌండు కొట్టిరా’ అంటావు. పది నిమిషాలు. ఆటోల మధ్యన 30 స్పీడు, రెండో గేరు, ప్రతి సందు కాడా బ్రేకు. ఆ పది నిమిషాల్లో స్పోర్ట్ టూరరు చెడ్డగుణాలన్నీ బయటపడతాయి, మంచిగుణం ఒక్కటీ పడదు. 30లో గాలి ఉండదు గాబట్టి వంగినోడి ఛాతీ బరువంతా మణికట్ల మీదకే దిగుతాది. హైవే ఎక్కి 80 అందుకున్నాక అద్దం పైనుంచి వచ్చే గాలే ఆ ఛాతీని కొంత ఎత్తి పట్టుకుంటాది, చేతులు ఊరికే హ్యాండిల్ మీద ఆని ఉంటాయి. అది ట్రంకురోడ్డులో ఎట్ట తెలస్తాదన్నా? ఇంక రెండోది చూడు. నిటారుగా కూర్చుని కాళ్లు ముందుకు చాపుకునే బండి. పది నిమిషాలకు సోఫానే, ఒప్పుకుంటా. విజయవాడ పోయి చూడు, 200 కిలోమీటర్ల పైన. పాదాలు ముందరుండాయి గాబట్టి గుంత వచ్చినప్పుడు పిర్ర పైకి లేపలేవు. ప్రతి దెబ్బా తోకెముకలోకి, ఆణ్ణించి నడుములోకి. చిలకలూరిపేట దాటేలోపల తెలస్తాది. అప్పటికి డబ్బు నీ గల్లాపెట్టెలో ఉంటాది.

శీనయ్య: బాగానే చెప్పావు. 80 అన్నావు గదా. నాలుగు లైన్ల రోడ్డు మీద మోటర్‌సైకిల్‌కు చట్టం ఇచ్చిందే 80. 120కి కుట్టించిన చొక్కా 80కి తొడుక్కుని తిరుగుతుండారు మీరంతా.

మస్తాన్: 80లో దాని పని సగమే, కాదన్ను. అయితే గాలి రోడ్డు మీద బోర్డు చూసి వీయదు గదా. ఎండాకాలం ఒంగోలు నుంచి నెల్లూరికి వచ్చేటప్పుడు దక్షిణపు గాలి ఎదురుకొడతాది. నీ మీటరు 80 చూపిస్తాది, ఎదురుగాలి 20 కలిస్తే ఒంటికి తగిలేది 100. గాలి తోపు వేగం పెరిగినంతే పెరగదు, ఒకటిన్నర రెట్లు అవతాది. 20 గుర్రాల ఇంజినుకు అది చిన్న బరువు కాదు. ఫెయిరింగ్ లేని ఎత్తుబండి, అదే అడ్వెంచర్ బండి, టాప్ గేరులో నీరసపడి కింది గేరు అడగతాది, నాది అడగదు.

శీనయ్య: ఇంజినుకు సుఖం, కాళ్లకు? రోహిణీ కార్తెలో రోళ్లు పగిలే ఎండకు ఫెయిరింగ్ బండేసుకుని నెల్లూరు ఆత్మకూరు బస్టాండు కాడ ట్రాఫిక్‌లో నిలబడు. రేడియేటరు ఉన్న బండైతే ఫ్యాను తిరగ్గానే వేడి గాలంతా పిక్కల మీదకు వస్తాది. ఫెయిరింగ్ ఆ వేడిని బయటికి పోనీదు. తొడలు ఉడికిపోతాయి.

మస్తాన్: ఊళ్లో అయితే నిజం. అదే ఎండలో హైవే మీదకు రా. ఒంటి చర్మం 35 డిగ్రీలుంటే గాలి 43 ఉంటాది. ఆ గాలి చల్లబరచదన్నా, కాలుస్తాది. చెమట పుట్టీపుట్టకముందే ఆరిపోతాది, ఒంట్లో నీళ్లు పోతున్న సంగతే తెలీదు. ఎండాకాలంలో ఛాతీకి నేరుగా గాలి తగలకపోవడమే మేలు. లోపల తడిపిన కాటన్ బనీను, పైన జాకెట్టు, హెల్మెట్ అద్దం దించి, గంటకొకసారి ఆగి అర లీటరు నీళ్లు తాగితే నెల్లూరు ఎండలో కూడా పోవచ్చు. చొక్కా గుండీలు తీసి గాలికి పోయేవోడే ముందు కళ్లు తిరిగి పడతాడు.

శీనయ్య: ఉడకబెట్టుకుంటే మేలంటావు, కానీ. రోడ్డు సంగతి మాట్లాడదాం. హైవే ఒక గీత. ఆ గీత దిగినాక ఏందీ? ఉదయగిరి పక్క పల్లెలకు పోవాలన్నా, చీమకుర్తి గ్రానైటు లారీలు తొక్కిన రోడ్డు మీద పోవాలన్నా నీ బండికి కింద నేలతో ఉండే ఎడం 165 మిల్లీమీటర్లు, కొన్నిటికి ఇంకా తక్కువ. వెనక ఆడమనిషి, డిక్కీకి బదులు రెండు సంచులు. షాకులు 30, 40 మిల్లీమీటర్లు దిగినాక మిగిలేదెంత? పల్లెలో స్పీడుబ్రేకరు ఎవురికి తోచినట్టు వాళ్లు పోస్తారు. దాని మీద ఫెయిరింగ్ అడుగు రాసుకుంటాది. ఎత్తుబళ్లలో హిమాలయన్ 450కి 230, ఎక్స్‌పల్స్ 200కి 220. కొనేవోడు స్పీడుబ్రేకరు మీద లెక్క చూసుకుంటాడబ్బయా, గాలి మీద కాదు.

ఇంకోటి. స్టాండు సరిగా పడక బంకులో బండి పక్కకు ఒరిగిందనుకో. మామూలు బండికి లివరు వంగుతాది, తిప్పుకుని పోతాడు. దీనికి ప్యానెల్ లోపలి లగ్గు, అంటే బోల్టు పట్టే చెవి, విరుగుతాది. ఫెయిరింగ్ విప్పాలంటే బోల్టులు, ప్లాస్టిక్ క్లిప్పులు, రబ్బరు బుష్షుల్లోకి దిగే ముక్కులు. లాగే దిక్కు తెలియని పిల్లోడు లాగాడంటే ముక్కు పోయినట్టే. బిగించేటప్పుడు ఇంకొంచెం బలం పెట్టాడా, బోల్టు చుట్టూ సన్నగా బీట. ఆమీట 5,000 ఆర్‌పీఎమ్ కాడ గలగలమని ఒకటే మోత. కస్టమరు ఇంజిన్ పోయిందని పరిగెత్తుకొస్తాడు.

మస్తాన్: ఆ మోతకు రెండు రూపాయల రబ్బరు వాషరు చాలు. బోల్టుకూ ప్లాస్టిక్‌కూ మధ్యన పెట్టి, చేత్తో బిగించి, ఆపైన స్పానరుతో పావు చుట్టు. మీ పిల్లోళ్లకు పావు చుట్టు తెలీదు, అదీ బండి తప్పేనా? ఎత్తు సంగతి మాత్రం ఒప్పుకుంటా. పామూరు పక్క పొలాలకు తిరిగేవోడు నా బండి కొనగూడదు. అయితే ఎత్తుబండి కొన్నోళ్లంతా పొలాలకు పోతుండారా? కవాసాకి వెర్సిస్ 650 చూడు. చూపుకు కొండలెక్కేదే. చక్రాలు రెండూ 17 అంగుళాలు, లోపల నింజా 650లో ఉండే 649 సీసీ ఇంజినే. ఎత్తు చొక్కా తొడిగిన స్పోర్ట్ టూరరది. సుజుకీలో ఎత్తుబండి వీ-స్ట్రామ్ ఎస్‌ఎక్స్, ఫెయిరింగ్ బండి జిక్సర్ ఎస్‌ఎఫ్ 250 రెంటికీ అదే 249 సీసీ, అదే 26.5 గుర్రాలు, అదే 12 లీటర్ల ట్యాంకు. సీటు ఎత్తు మొదటిదానికి 835 మిల్లీమీటర్లు, రెండోదానికి 800. అయిదడుగుల నాలుగంగుళాల మనిషి 835 మీద ముని కాళ్లతో నిలబడి, లగేజీతో యూటర్న్ తిప్పబోయి పడేస్తాడు. అయినా అదే కావాలంటాడు.

శీనయ్య: అదే గదా నేను మొదట్నించీ చెప్తుండేది. కొనేవోడు పోయే దారికి కొనడు, పోవాలని ఆశపడ్డ దారికి కొంటాడు. లడఖ్ పోతాడో లేదో, లడఖ్ పొయ్యే బండి ఇంటి ముందర ఉండాల. నీ బండి ఏం ఆశ చూపిస్తాది? ముసునూరు టోల్‌గేటు దాటి ఒంగోలు, ఒంగోలు దాటి గుంటూరు. అది ఆశా? అది బస్సు రూటు.

మస్తాన్: నవ్వాలో ఏడవాలో తెలీడంలా. టూవీలరుకు టోలు లేదు, ఆరు గంటల్లో కావలి నుంచి హైదరాబాదు దారిలో సగం పైన...

శీనయ్య: అదే హిమాలయన్ పాతది, 411, దానికి సెంటర్ స్టాండు కూడా ఉండాది. ఫెయిరింగ్ బళ్లలో చాలావాటికి లేదు. చైనుకు ఆయిలు పెట్టాలంటే ఇంకొకడు పట్టుకోవాల.

మస్తాన్: పాత హిమాలయన్‌కు సెంటర్ స్టాండు ఎందుకు కావాలో తెలుసా? ట్యూబు చక్రం గాబట్టి! పుల్లల చక్రంలో ట్యూబు. దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్‌లో పంచరైతే రాత్రికి అడవి గేటు మూసేలోపల చక్రం ఊడదీయాల, చైను వదులు చేయాల, టైరు అంచు రిమ్ము నుంచి వదిలించాల, లివర్లు రెండు పెట్టి టైరు లేపాల. లివరు కొన ట్యూబును కరిచిందంటే ఇంకో పంచరు. నాది ట్యూబ్‌లెస్. మేకు పీకి, టీ హ్యాండిల్ రాస్ప్, అంటే గరుకు సూది, బొక్కలో అయిదారుసార్లు తిప్పి, రబ్బరు స్ట్రిప్‌కు జిగురు రాసి సగానికి మడిచి దించి, ఒక సెంటీమీటరు బయటుండంగా చటుక్కున లాగి, కోసి గాలి కొట్టేదే. సబ్బు నీళ్లు పోసి బుడగలు చూసుకుంటే అయిపోయింది.

శీనయ్య: టైరు పక్కగోడకు మేకు దిగితే ఏ స్ట్రిప్పు నిలుస్తాది? రేడియల్ టైరులో స్టీలు తీగలు రోజులు గడిచేకొద్దీ ఆ స్ట్రిప్‌ను కోసేస్తాయి. స్ట్రిప్పు ఊరు చేరేదానికే. చేరినాక టైరు విప్పి లోపల్నించి పుట్టగొడుగు ప్యాచ్ వేయించకుండా అట్టనే తిరిగేవోళ్లే మీలో ఎక్కువ. పుల్లల చక్రం గుంతకు వంగితే పుల్లలు బిగించి సరిచేయొచ్చు. నీ అల్లాయ్ చీలితే పారేయాల్సిందే.

మస్తాన్: చీలేదాకా 24 పౌండ్ల గాలితో తిరిగేవోడికి అల్లాయ్ అయినా ఒకటే, ఇనుమైనా ఒకటే!

(ఇక్కడ ఇద్దరూ పావుగంట గాలి పౌండ్ల మీద కొట్టుకున్నారు. రాయదగ్గ మాట ఒకటే వచ్చింది: కంపెనీ చెప్పిన లెక్క చల్లటి టైరుకు, 50 కిలోమీటర్లు తోలి బంకులో చూసుకునేది కాదు.)

మస్తాన్: సరే, అసలు సంగతికి రా. పన్ను చూడు. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ దాకా జీఎస్టీ 18 శాతం, దాటితే 40. అసలైన టూరింగ్ బళ్లన్నీ ఆ గీతకు అవతలే.

శీనయ్య: ఆ 40 వెర్సిస్‌కూ పడతాది, హిమాలయన్ 450కీ పడతాది. పన్నుకు ఫెయిరింగ్ ఉందో లేదో తెలీదు. ఆ సాకు వదిలెయ్.

మస్తాన్: ...వదిలేశా.

శీనయ్య: ఇప్పుడు నేను చెప్పేది విను. మీ బళ్లను చంపింది రోడ్డు కాదు, పన్ను కాదు. మీరే. ఫెయిరింగ్ బండి నచ్చినోడు దాన్ని 15 ఏళ్ల ఆర్‌సీ తీరేదాకా ఉంచుకుంటాడు, తీరితే రెన్యువల్ కూడా చేయిస్తాడు. కంపెనీకి ఆ 15 ఏళ్లలో వాడి నుంచి వచ్చేది చైను సెట్టు, బ్రేకు ప్యాడ్లు. అవీ బయట కొంటాడు. ఎత్తుబండోడు మూడేళ్లకు ఇంకా ఎత్తుదానికి మారతాడు, రాడ్లు, పెట్టెలు, లైట్లు కొంటాడు. ఎవురు గిరాకీ? ఇంకా ఉండాది. నువ్వు అమ్మవు గాబట్టి నా అంగట్లోకి మంచి ఫెయిరింగ్ బండి రాదు. వచ్చేదల్లా రేసులాడి పడేసిన పిల్లోళ్ల బళ్లు, టేపు అతికించిన ప్యానెళ్లతో. సెకండ్‌హ్యాండ్‌లో మొదటిసారి చూసేవోడికి కనపడేది ఆ టేపే. దాంతో వాడు దూరం పోతాడు. కొత్తవి అమ్ముడుపోవు, మోడల్ ఆపేస్తారు, ప్యానెళ్లు దొరకవు, ఉన్నోడు ఇంకా గట్టిగా పట్టుకుంటాడు. హోండా ఎస్‌టీ 1300, వీఎఫ్‌ఆర్ 800... బయటి దేశాల్లో పేరున్న బళ్లు, అవీ ఆగిపోయాయి. వాటి ఓనర్లు మాత్రం తక్కువ అభిమానులా?

మస్తాన్: అభిమానం తప్పా?

శీనయ్య: నీకు ఒప్పు. అమ్మేవోడికి తప్పు.

మస్తాన్: దీనికి నా కాడ జవాబు లేదన్నా, ఉన్నట్టు నటించను. ఒకటి మాత్రం అడగతా. అమ్ముడుపోవడం లేదంటే పనికిరాదని అర్థం అన్నావు మొదట్లో. ఇప్పుడేమో అంత బాగా పనికొస్తాది గాబట్టే అమ్ముడుపోదంటుండావు. రెంటిలో ఏది?

శీనయ్య: ...రెండోదే అనుకో.

మస్తాన్: అయితే టెస్ట్ రైడ్ మార్చు. వచ్చినోణ్ణి ట్రంకురోడ్డులో తిప్పద్దు. హైవే ఎక్కించు, సింగరాయకొండ దాకా పంపి రప్పించు. ముందు హ్యాండిల్ వాడి ఎత్తుకు సరిచెయ్. హ్యాండిల్ కింద పెట్టి దాన్ని పైకి లేపే 20 మిల్లీమీటర్ల రైజర్ వేస్తే చాలామందికి మణికట్టు నొప్పే ఉండదు. వేశాక ఇంజిన్ ఐడిల్‌లో పెట్టి హ్యాండిల్ ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పి చూడు. ఆర్‌పీఎమ్ పెరిగిందంటే యాక్సిలరేటరు కేబులు లాగుతున్నట్టు, దారి మార్చాల. బ్రేకు గొట్టం బిగుసుకోగూడదు, బొటనవేలు ట్యాంకుకూ అద్దానికీ నలగ్గూడదు. అంతే పని. గంటన్నర తోలినాక వచ్చి వద్దన్నాడంటే నేనింకెప్పుడూ మాట్లాడను.

శీనయ్య: పెట్రోలు ఎవురు పోస్తారు?

మస్తాన్: నేను పోయిస్తా.

శీనయ్య: సరే, పోయించావు. పోయాడు, నచ్చింది, కొన్నాడు. మళ్లా నా అంగడికి ఎప్పుడొస్తాడబ్బయా వాడు?