జొన్నల గుమ్మి ఊళ్లోనే నిండాలి

ఆహార భద్రత చట్టంలో కార్డుదారులకు ఏ ధాన్యం ఎంతకివ్వాలో 2013లోనే రాశారు. కిలో బియ్యం 3 రూపాయలు, గోధుమలు 2 రూపాయలు, చిరుధాన్యాలు 1 రూపాయి. 2023 జనవరి నుంచి ఆ ధరలూ పోయి అంతా ఉచితమైంది. ఆ మూడో ధాన్యం మాత్రం మన చౌక దుకాణాల తక్కెడ ఎక్కింది తక్కువే. రాయలసీమలో బియ్యానికి బదులు రాగులు, జొన్నలు ఇచ్చిన సందర్భాలున్నాయి. తెలంగాణ 2025 ఉగాది నుంచి మనిషికి 6 కిలోల సన్నబియ్యం ఇస్తోంది. కంచంలోకి తినదగిన బియ్యం రావడం మంచిదే, కాదనం.

అయితే కడుపు నిండడం వేరు, ఒంటికి నెత్తురు పట్టడం వేరు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల మహిళల్లో రక్తహీనత తెలంగాణలో 57.6 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం. తెలంగాణలో ఐదేళ్లలోపు పిల్లల్లో 70 శాతం. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ పట్టికలు చూడండి. 100 గ్రాముల పాలిష్ బియ్యంలో ఇనుము ఒక మిల్లీగ్రాముకు తక్కువ. జొన్నల్లో దాదాపు 4, సజ్జల్లో 6కు పైన. కాల్షియం బియ్యంలో 10 మిల్లీగ్రాములైనా లేదు, రాగుల్లో 364. అలాగని జొన్నరొట్టె ఒక్కటే రక్తహీనతను కుదురుస్తుందని మేము చెప్పడం లేదు. ఈ గింజల్లో సహజంగా ఉండే ఫైటేట్లనే పదార్థాలు ఇనుమును ఒంటికి పూర్తిగా పట్టనివ్వవు. పక్కన నిమ్మకాయో, పుంటికూరో ఉండాలి. తిన్న వెంటనే టీ తాగే అలవాటు పోవాలి. రాగులైతే రాత్రంతా నానబెట్టి, గుడ్డలో మూటగట్టి ఒకటిన్నర రోజు మొలకెత్తించి, ఎండబెట్టి, దోరగా వేయించి పిండి పట్టిస్తే పసిపిల్లల జావకు పనికొస్తాయి.

ఈ తిండిని పేద ఇళ్లకు చేర్చే దారి మనకు కొత్తేమీ కాదు. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ కేంద్రంగా 1983లో మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత మహిళలు తొంభైల నడుమ చేసి చూపించారు. ఊళ్లలో బీడుపడ్డ చెలకలను లెక్కగట్టారు. వాటి యజమానులైన చిన్న రైతులకు దున్నకానికి, ఎరువుకు, విత్తనానికి అప్పిచ్చారు. ఆ బాకీని డబ్బుగా కాదు, జొన్నలుగా వసూలు చేశారు. గింజ ఊరు దాటలేదు. కూలి దొరకని, ధర ఎక్కే వానాకాలంలో దాన్ని ఊళ్లోని పేదలకే తక్కువ ధరకు పోశారు. ఎవరు పేదలో, ఎవరికెంత పోయాలో తేల్చింది కూడా ఊరే. ఏ దరఖాస్తూ కనిపెట్టలేని సంగతి ఊరికి తెలుస్తుంది: ఎవరింట పొయ్యి రెండుపూటలా రాజుతోందో. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఈ సంఘాలకు ఈక్వేటర్ బహుమతి ఇచ్చింది. మన పౌరసరఫరాల శాఖలు మాత్రం వాటి నుంచి పెద్దగా నేర్చుకున్నది కనిపించదు.

ఇలాంటి ప్రయత్నాలు దెబ్బతినేది ఎక్కువగా నిల్వ దగ్గరే. తేమ 12 శాతం దాటితే బూజు, ముక్కపురుగు తప్పవు. తేమ చూసే మీటరు లేకుంటే గింజ కొరికి చూడాలి. టక్కున విరగాలి, నలగకూడదు. ఎండలోంచి తీసి వేడి మీదే బస్తాకెత్తితే లోపల చెమర్చి ముక్కిపోతుంది కాబట్టి చల్లారనిచ్చి ఎత్తాలి. ధాన్యం దాచే గుమ్మికి లోపలా బయటా పేడమట్టి అలికి, పూర్తిగా ఆరాక గింజ పోయాలి. నడుమ నడుమ ఎండు వేపాకు వరసలు వేయాలి. బస్తాలైతే చెక్కల మీద, గోడకు అడుగు ఎడంగా పేర్చాలి. గింజ దాచేందుకు నేలలో తవ్విన పాతరలు ఇంకా వాడే చోట ఒక జాగ్రత్త: తెరిచిన వెంటనే దిగకూడదు. లోపల చేరిన బొగ్గుపులుసు వాయువు ప్రాణాలు తీస్తుంది. కనీసం ఒకరోజు గాలాడనిచ్చి, దీపం దించి ఆరడం లేదని చూశాకే మనిషి దిగాలి.

తర్వాతి చిక్కు మరపట్టడం. జొన్నపిండి పాతబడితే రొట్టె విరిగిపోతుంది. సజ్జపిండి వారం పదిరోజుల్లోనే చేదెక్కుతుంది. అందుకే పిండి ప్యాకెట్లు పంచడం మా దృష్టిలో దండగ. గింజ ఇవ్వాలి, ఊళ్లో గిర్ని నడవాలి. కొర్రలు, సామలకైతే పొట్టు తీసే యంత్రమూ, దానికి ముందు రాళ్లు తీసే యంత్రమూ కావాలి. రెండోది కొనకుండా మొదటిదే కొన్న చోట పంటికింద ఇసుక తగిలి, జనం మళ్లీ బియ్యానికే మళ్లుతారు. ఆడవాళ్లు కొర్రలు వదిలేసింది రుచి నచ్చక కాదు, రోకటి చాకిరీ భరించలేక. తెల్లగా మెరవాలని పాలిష్ పట్టిస్తే తవుడుతో పాటు పోషకాలూ పశువుల గాబులోకి పోతాయి.

లెక్కల్లోకి రాని తిండి ఇంకొకటుంది. మిశ్రమ పంట చేలో విత్తకుండానే మొలిచే తుమ్మికూర, పొన్నగంటి, గునుగు, గలిజేరు పేదింటికి పైసా ఖర్చులేని కూరలు. గడ్డిమందు కొట్టిన చేలో ముందుగా మాడిపోయేవి అవే.

2023ను చిరుధాన్యాల సంవత్సరంగా జరుపుకున్నాం. నగరాల సూపర్ మార్కెట్లలో అందమైన డబ్బాలు పెరిగాయి. కొర్రబియ్యం పండించిన కూలి కొనలేని ధరకు చేరింది. 2025-26కు హైబ్రిడ్ జొన్నల మద్దతు ధర క్వింటాలుకు 3,699 రూపాయలు. కొనే కేంద్రం ఊరి దగ్గర లేకపోతే అది కాగితం మీది అంకే.

ప్రభుత్వాలు చేయాల్సిన పని పెద్ద ఖర్చుదేమీ కాదు. జొన్న, రాగి పండే మండలాల్లో కోత కాగానే మహిళా సంఘాల ద్వారా మద్దతు ధరకు కొని, అక్కడే నిల్వ చేసి, అక్కడి రేషన్ దుకాణానికీ, అంగన్‌వాడీకీ, బడి వంటశాలకీ పంపాలి. మనిషి వాటా కిలోల్లో ఒకటో రెండో చిరుధాన్యంగా తీసుకునే వీలు కార్డుదారుకు ఇవ్వాలి, బలవంతం వద్దు. గోదాము అద్దె, తూకపు తరుగు, గిర్ని కరెంటు బిల్లు ఎవరు భరించాలో మొదటి రోజే రాసుకోవాలి. సంఘానికి చెల్లింపు పదిహేను రోజులు దాటకూడదు. ఆలస్యమైతే రైతు గింజను దళారికి అమ్ముకుంటాడు, ఆ మరుసటి ఏడు ఆ చెలకలో పత్తి పెడతాడు.