చీపురు పట్టిస్తే పరిశోధనా?

వన్యప్రాణి సంరక్షణ కేంద్రాల ‘పరిశోధన ఇంటర్న్‌షిప్’ ప్రకటనలు మళ్లీ విద్యార్థుల ముందుకు వచ్చాయి. పెద్దక్షరాల్లో కనిపించే పరిశోధన, తీరా దినచర్య దగ్గరికి వచ్చేసరికి ఆవరణలు కడగడంగా, మేత మోయడంగా, సందర్శకులను వెంటబెట్టుకుని తిప్పడంగా మారిపోతుంది. చాలాచోట్ల జీతం ఉండదు. కొన్నిచోట్ల బసకు విద్యార్థే ఎదురు చెల్లించుకోవాలి. సిబ్బంది చేయవలసిన చాకిరీని విద్యార్థుల చేత చేయించుకుని దానికి పరిశోధన అని పేరు పెట్టడాన్ని మేము మోసమనే అంటాము.

2013 మార్చిలో కాలిఫోర్నియాలోని ఒక కేంద్రంలో, 2018 డిసెంబరులో నార్త్ కరోలినాలోని మరొక కేంద్రంలో, ఇంటర్న్‌లుగా చేరిన ఇద్దరు యువతులు సింహాల దాడిలో ప్రాణాలు కోల్పోయారు. ఆ రెండు చోట్లా అప్పుడు జరుగుతున్నది పరిశోధన కాదు, ఆవరణ శుభ్రం చేసే పని. రెండు చోట్లా, వేరుచేసి ఉంచామనుకున్న జంతువే బయటకు వచ్చింది.

పరిశోధనకు అసలు బోనులోకి వెళ్లవలసిన అవసరమే తక్కువ. జంతు ప్రవర్తనను గమనించే పద్ధతులపై 1974లో జంతు ప్రవర్తన శాస్త్రవేత్త జీన్ ఆల్ట్‌మన్ ప్రచురించిన వ్యాసం ఈ రంగంలో ఇప్పటికీ ప్రామాణికం: ఏ జంతువును, ఎంతసేపు, ఎంత వ్యవధికొకసారి చూసి నమోదు చేయాలో ముందే నిర్ణయించుకోకపోతే, కొట్టొచ్చినట్టు కనబడే చేష్టలే లెక్కకెక్కి ఫలితం పక్కదారి పడుతుంది. దీనికి కావలసినవి ఒక ప్రశ్న, ఒక గడియారం, ఒక నోటుపుస్తకం, రాసినదాన్ని దిద్దే గురువు. చివరిది మాత్రమే ఈ ప్రకటనల్లో ఎక్కడా కనిపించదు.

విరాళాలతో నడిచే తమకు సిబ్బందిని పెట్టుకునే స్తోమత లేదని, జంతువుల ఆలనాపాలనా తెలియనివారు వాటిని అధ్యయనం చేయలేరని నిర్వాహకులు అంటారు. రెండో మాటలో నిజముంది. అలాగైతే ఆ పనిని సంరక్షణ శిక్షణ అనే ప్రకటించి, భత్యమిచ్చి, అనుభవజ్ఞుల పర్యవేక్షణలో చేయించవచ్చు. దానికి పరిశోధన అనే ముసుగెందుకు?

ఈ ముసుగుకు ముద్ర వేస్తున్నవి విశ్వవిద్యాలయాలు. పరిశోధన ప్రశ్న ఏమిటో, సేకరించిన వివరాలు ఎవరివో, ఫలితాలు వెలువడితే విద్యార్థి పేరు ఉంటుందో లేదో అడగకుండానే డిగ్రీకి లెక్కకొచ్చే క్రెడిట్లు ఇచ్చే ఆచార్యులు ఆ మోసంలో భాగస్వాములే. ప్రయోగశాలలో ఎలుకను ముట్టుకోవడానికి జంతు ప్రయోగాలను పరిశీలించే నైతిక సంఘం అనుమతి తెమ్మనే వీరు, ఇరవై ఏళ్ల విద్యార్థిని సింహం బోను దగ్గరకు పంపే ముందు ఏ కాగితం అడిగారో విద్యార్థుల తల్లిదండ్రులకు చెప్పాలి.