విశాఖ ఎకనామిక్స్ విద్యార్థికి ఏ ఇంగ్లిష్ కావాలి?

ద్వారకానగర్ సందుల్లో ఏ మెట్ల దగ్గర చూసినా ఒక స్పోకెన్ ఇంగ్లిష్ బోర్డు కనిపిస్తుంది. అన్నీ అమ్మేది ఒకటే సరుకు, తడబడకుండా మాట్లాడటం. బీఏ ఎకనామిక్స్ చదివే పిల్లలు, ఎంఏ పూర్తిచేసి ఉద్యోగం వెతుక్కుంటున్నవాళ్లు సాయంత్రం పూట అక్కడ చేరి తమ గురించి తాము చెప్పుకోవడం ప్రాక్టీస్ చేస్తుంటారు. వాళ్లను తప్పుపట్టలేం. ఇంటర్వ్యూలో మొదటి పది నిమిషాలు నోరు పెగలకపోతే, ఆ తర్వాత ఎంత తెలిసినా అడిగే నాథుడుండడు. అయితే ఆ గండం దాటాక ఈ ఊళ్లో ఎకనామిక్స్ చదివినవారికి రోజూ అక్కరకొచ్చే ఇంగ్లిష్ వేరే. దానిలో మాటకన్నా రాత ఎక్కువ, విశేషణాలకన్నా అంకెలు ఎక్కువ, ప్రతి వాక్యం వెనకా డబ్బు ఉంటుంది. కాలేజీలో దాన్ని నేర్పే బాధ్యత మాత్రం ఎవరికీ లేదు. ఇంగ్లిష్ లెక్చరర్ అది కామర్స్ వాళ్ల పని అనుకుంటారు, ఎకనామిక్స్ లెక్చరర్ అది ఇంగ్లిష్ వాళ్ల పని అనుకుంటారు.

మైకేల్ స్పెన్స్ 1973లో ప్రతిపాదించిన సిగ్నలింగ్ సిద్ధాంతం చదివిన విద్యార్థికి ఈ కోచింగ్ వ్యాపారం తేలిగ్గానే అర్థం కావాలి. అభ్యర్థి సామర్థ్యం యజమాని కంటికి ఆనదు కాబట్టి డిగ్రీ లాంటి బయటి గుర్తు చూసి అంచనా వేస్తాడు. మన దగ్గర ధారాళమైన ఇంగ్లిష్ అలాంటి గుర్తే. సంపాదించడం కష్టమైనంత కాలమే ఏ గుర్తుకైనా విలువ. వీధికో సెంటర్ వెలిసి, ఫోన్‌లో ఉచితంగా ప్రాక్టీస్ చేసుకునే యాప్‌లు వచ్చాక ఆ గుర్తు పలచబడక తప్పదు.

మన దేశంలో ఇంగ్లిష్ వల్ల జీతం ఎంత పెరుగుతుందో ఆజమ్, ఐమీ చిన్, నిషిత్ ప్రకాశ్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు 2005 నాటి సర్వే వివరాలతో లెక్కగట్టి 2013లో ప్రచురించారు. ధారాళంగా మాట్లాడే మగవారి గంట వేతనం, ఇంగ్లిష్ అసలు రానివారికంటే సగటున 34 శాతం ఎక్కువ. కొద్దిగా వచ్చినవారిది 13 శాతం ఎక్కువ. కోచింగ్ సెంటర్లు ఈ అంకెను గోడకెక్కించుకోవచ్చు. కానీ అదే అధ్యయనంలో ఇంకో సంగతి ఉంది. పెద్ద వయసువారిలో చదువు ఎంతదైనా ఈ లాభం కనిపించింది, యువతలో మాత్రం బాగా చదువుకున్నవారికే కనిపించింది. అంటే ఇంగ్లిష్ ఒక్కదాన్నే పట్టుకుని నెట్టుకొచ్చే రోజులు అప్పటికే పోతున్నాయి. సబ్జెక్టుతో కలిస్తేనే దానికి ధర.

మరి ఈ ఊళ్లో సబ్జెక్టుతో కలిసిన ఇంగ్లిష్ ఎక్కడుంది? సెంట్రల్ ప్రావిన్సెస్ నుంచి వచ్చే మాంగనీస్ ఖనిజాన్ని ఓడలకెక్కించే అవసరంతో పుట్టి, 1933లో తెరుచుకున్న పోర్టు మనది. ఆ తర్వాత దువ్వాడలో సెజ్, పరవాడలో ఫార్మా సిటీ, అచ్యుతాపురంలో శ్రీలంక కంపెనీ బట్టల ఫ్యాక్టరీలు, చుట్టూ రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లు వచ్చాయి. ఇక్కణ్నుంచి బయటికి వెళ్లే ప్రతి కంటైనర్ వెంట ఒక కాగితాల కట్ట వెళ్తుంది. కస్టమ్స్ పనులు చూసిపెట్టే సీహెచ్‌ఏ (కస్టమ్స్ హౌస్ ఏజెంట్) ఆఫీసుల్లో, ఎక్స్‌పోర్ట్ హౌస్‌ల డాక్యుమెంటేషన్ సెక్షన్లలో, బ్యాంకుల ట్రేడ్ ఫైనాన్స్ డెస్కుల్లో కూర్చునేవాళ్లు చదివేదీ రాసేదీ ఆ కట్టనే.

దానిలో ఒక్క ఎల్‌సీని, అంటే లెటర్ ఆఫ్ క్రెడిట్‌ను తీసుకుందాం. కాగితాలు సరిగా ఉంటే డబ్బు కడతానని కొనుగోలుదారు బ్యాంకు రాసిచ్చే హామీ ఇది. ప్రపంచమంతటా బ్యాంకులు దీనికి పాటించే నియమావళి యూసీపీ 600, 2007 జులై నుంచి అమల్లో ఉంది. దానిలో మూలసూత్రం, బ్యాంకుకు సరుకుతో పని లేదు, కాగితాలతోనే పని. రొయ్యలు ఎంత తాజాగా ఉన్నా, ఓడ కంపెనీ ఇచ్చే సరుకు రసీదు, అంటే బిల్ ఆఫ్ లేడింగ్‌లో వివరం ఎల్‌సీతో పొసగకపోతే బ్యాంకు డబ్బు ఆపేయవచ్చు. కాగితాలు అందాక పరిశీలించడానికి బ్యాంకుకు ఐదు పనిదినాల గడువు. ఇదే నియమావళిలో మామూలు ఇంగ్లిష్ మాటలకు పక్కా కొలతలు ఉన్నాయి. పరిమాణానికి ముందు ‘ఎబౌట్’ అని ఉంటే పది శాతం అటూ ఇటూ ఒప్పు. ఫలానా తేదీకి ‘ఆన్ ఆర్ ఎబౌట్’ అంటే ఆ తేదీకి ఐదు రోజులు ముందు నుంచి ఐదు రోజులు తర్వాత దాకా. నెల ‘ఎండ్’ అంటే 21వ తేదీ నుంచి ఆఖరి రోజు వరకు. ఇక మనవాళ్లు ప్రతి మెయిల్‌లోనూ రాసే ‘యాజ్ సూన్ యాజ్ పాజిబుల్’ సంగతి చూడండి. ఏదైనా పత్రంలో రాయమని ఎల్‌సీయే కోరితే తప్ప, అలాంటి మాటల్ని పట్టించుకోనవసరం లేదని నియమావళే చెబుతోంది. మనకు మర్యాదగా వినిపించే మాట అక్కడ లేనట్టే లెక్క.

ఇంతవరకు గుమాస్తా పనిలా అనిపిస్తుంది. ఎకనామిక్స్ ఇక్కడే మొదలవుతుంది. సరుకు ఓడెక్కాక అంతర్జాతీయ ధర పెరిగితే, కాగితాల్లో చిన్న తేడా ఉన్నా కొనుగోలుదారు చూసీచూడనట్టు వదిలేస్తాడు. ధర పడిపోతే అదే తేడాను పట్టుకుని డిస్కౌంట్ అడుగుతాడు, లేదా వద్దంటాడు. అంటే మనం చేసిన అక్షరదోషం అవతలివాడి చేతిలో ఉచితంగా పెట్టిన ఆప్షన్, అంటే కావాలంటే వాడుకుని వద్దంటే వదిలేసే హక్కు. ఈ మాట ఇంగ్లిష్ లెక్చరర్ చెప్పలేరు. ఎకనామిక్స్ లెక్చరర్ చెప్పగలరు గానీ, ఎల్‌సీ కాపీ ఒకటి క్లాసుకు తెచ్చి చూపించాలన్న ఆలోచన రాదు.

ఇంకో ఉదాహరణ మొన్నమొన్నటిది. 2025 ఆగస్టు 27 నుంచి అమెరికా చాలా భారతీయ సరుకుల మీద మొత్తం 50 శాతం సుంకం వేసింది. రొయ్యల మీద మరీ చౌకగా అమ్ముతున్నారని వేసే యాంటీ డంపింగ్, సబ్సిడీలకు విరుగుడుగా వేసే కౌంటర్‌వెయిలింగ్ సుంకాలు అప్పటికే ఉన్నాయి, అవి దీనికి అదనం. ఆ వారంలో కోస్తా ఎగుమతిదారుల ముందున్న ప్రశ్న ఒక్కటే, ఈ భారం ఎవరు మోయాలి? ఒప్పందం సుంకంతో సహా సరుకు చేర్చే డీడీపీ పద్ధతిలో ఉంటే దిగుమతి సుంకం అమ్మినవాడే కట్టాలి. సరుకు ఓడెక్కించేదాకా ఖర్చు భరించే ఎఫ్‌వోబీ, ఓడ కిరాయి, బీమా కూడా కలిపే సీఐఎఫ్ అయితే కొన్నవాడు కట్టాలి. ఇది కాగితం మీది సంగతి. అసలు భారం ఎవరి మీద పడుతుందో సెకండియర్ మైక్రో ఎకనామిక్స్‌లోని పన్ను భారం పాఠం చెబుతుంది. ఎవరి ఎలాస్టిసిటీ, అంటే ధర మారినప్పుడు పక్కకు తప్పుకోగల వీలు, తక్కువైతే వాళ్లే ఎక్కువ మోస్తారు. ఈక్వెడార్ నుంచి కొనుక్కోగల అమెరికన్ దిగుమతిదారు, చెరువులో రొయ్య పెట్టుకుని ఎదురుచూసే మన రైతు, వీళ్లిద్దరిలో ఎవరికి వేరే దారి ఉందో వేరే చెప్పాలా.

ఆ పాఠం తెలిసిన విద్యార్థి చేత ఒక లేఖ రాయించి చూడండి. పాత కొనుగోలుదారుకు, ధర తిరిగి మాట్లాడుకుందామని. ఎంత శాతం మేం భరిస్తాం, ఎన్ని కంటైనర్లకు, ఏ తేదీ వరకు, ఆ తర్వాత ఏమిటి అన్నవి అందులో ఉండాలి. బతిమాలకూడదు, బెదిరించకూడదు. నేను చూసినంతలో మన పిల్లల లేఖలు ఆరోగ్యం బాగుందని తలుస్తానుతో మొదలై, దయతో సహకరించగలరుతో ముగుస్తాయి. మధ్యలో అంకె ఉండదు. అవే లేఖలు రాసిన పిల్లలే తెలుగులో అడిగితే ఈ బేరాన్ని చక్కగా, లెక్కలతో సహా చెబుతారు. కాబట్టి దీన్ని భాష రాని సమస్య అనలేం. ఇంగ్లిష్‌లో రాయడమంటే విజ్ఞాపన పత్రం రాయడమే అని ఎక్కడో మెదడులో పాతుకుపోయింది.

సంస్కృతుల మధ్య సంభాషణ అనే పాఠం పెట్టిన చోట్ల కూడా నేర్పేది ఎక్కువగా లాంఛనాలే. జపాన్‌వారికి విజిటింగ్ కార్డు రెండు చేతులతో ఇవ్వాలి, జర్మన్లు టైమ్‌కి వస్తారు, అమెరికన్లు సూటిగా మాట్లాడతారు. దానికి శాస్త్రీయత అద్దడానికి, దేశాల సంస్కృతులను అంకెల్లో పోల్చిన డచ్ పరిశోధకుడు గీర్ట్ హాఫ్‌స్టెడ్ సూచీలు. అధికార దూరంలో, అంటే పైవాళ్ల పెత్తనాన్ని కిందివాళ్లు ఎంతగా ఒప్పుకుంటారన్న కొలతలో, భారత్‌కు 77, అమెరికాకు 40 అని ఓ పట్టిక. ఆ అంకెలకు మూలం 1967, 1973 మధ్య ఐబీఎం ఉద్యోగుల మధ్య జరిపిన సర్వేలు. ఆ ఐబీఎం 1978లో మన దేశం వదిలి వెళ్లి, చాలా ఏళ్ల తర్వాత తిరిగొచ్చింది. అప్పటి ఐబీఎం ఉద్యోగుల సగటుతో నర్సీపట్నం నుంచి వచ్చిన అమ్మాయి స్వభావాన్ని తేల్చేయడం ఎంతవరకు సబబు? దేశపు సగటును మనిషికి అంటగట్టకూడదని స్టాటిస్టిక్స్ పేపర్లో చదివినవాళ్లకు ఈ పట్టిక మీద అనుమానం రావాలి. బట్టీ పెట్టి మార్కులు తెచ్చుకోవడం కాదు, దాన్ని విమర్శించమని ప్రశ్న ఇస్తే బాగుంటుంది.

నిజానికి విదేశీ మర్యాదల జాబితాకన్నా మన అలవాట్ల గురించే ముందు మాట్లాడుకోవాలి. మనకు పెద్దవాళ్లతో కాదని చెప్పడం రాదు. ‘చూద్దాం సార్’, ‘అయిపోతుందండీ’ అంటాం. అవతల తెలుగువాడే ఉంటే, ఆ గొంతులోని నీరసాన్ని బట్టి పని కాదని గ్రహిస్తాడు. రోటర్‌డామ్‌లో కూర్చున్నవాడికి మెయిల్లో గొంతు వినిపించదు. అంతకన్నా ఖరీదైన అలవాటు, చెడ్డ వార్తను ఆపి ఉంచడం. కంటైనర్ ఓడ అందుకోలేదని జూనియర్‌కి పొద్దున్నే తెలుస్తుంది. “సార్, బయ్యర్‌కి మెయిల్ పెట్టేయమంటారా?” అని అడిగితే, “ఉండమ్మా, తర్వాతి ఓడ కన్‌ఫర్మ్ అవనీ, అప్పుడు చెబుదాం” అంటారు. పై అధికారి ఉద్దేశం మంచిదే, సమస్యతో పాటు పరిష్కారం కూడా చెబుదామని. రెండు రోజులు పోతాయి. ఈలోగా కొనుగోలుదారు ఓడల ట్రాకింగ్ సైట్లో తానే చూసుకుంటాడు. ఆలస్యాన్ని క్షమించేవాడు దాచినందుకు క్షమించడు. ఏం జరిగింది, ఎంత ఆలస్యం, తర్వాతి సమాచారం ఎప్పటికి ఇస్తాం, ఈ మూడు వాక్యాలు అదే రోజు పంపడం నేర్పితే చాలు, సగం కోర్సు అయినట్టే.

అలాగని మన తీరు తక్కువని, అమెరికన్ల తీరు ఎక్కువని కాదు. జపాన్ వ్యాపారులు కూడా మొహాన కాదనరు, పరిశీలిస్తామంటారు. వాళ్లతో పని చేసేటప్పుడు మన మెత్తదనమే ఉపయోగపడుతుంది. పైగా విశాఖ నుంచి మెయిల్ అందుకునేవాళ్లలో ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్లు చాలామందే. వియత్నాం, చైనా, కొరియా వ్యాపారులు, శ్రీలంక మేనేజర్లు, పోర్టుకొచ్చే ఓడల మీద ఫిలిప్పీన్స్ నావికులు. వీళ్లకు నుడికారం నిండిన లండన్ ఇంగ్లిష్ గందరగోళమే. పొట్టి వాక్యాలు, మామూలు మాటలు కావాలి. తేదీని 05/06 అని రాయకుండా నెల పేరు అక్షరాల్లో రాయాలి, ఎందుకంటే మనకది జూన్ 5, అమెరికా వాడికి మే 6. లక్షలు, కోట్లు మిలియన్లలోకి మార్చాలి. ఏ కోచింగ్ సెంటర్ కరపత్రంలోనూ ఇవి కనిపించవు, ఆకర్షణ లేని విషయాలు కదా.

ఈ సంభాషణకు రెండో కొస కూడా ఉంది, దాన్ని అందరూ మర్చిపోతారు. అమెరికా నుంచి వచ్చిన మెయిల్ సారాంశం చెరువు గట్టు మీదున్న రైతుకు చేరాలి. 100 కౌంట్, అంటే కిలోకి వంద తూగే రొయ్య ధర ఎందుకు తగ్గిందో, 30 కౌంట్ ధరలో తగ్గుదల ఎందుకు వేరుగా ఉందో, ఇంకో నెల పెంచితే లాభమో నష్టమో అతనికి తెలుగులో, అతని లెక్కల్లో చెప్పాలి. కంపెనీలో ఇంగ్లిష్ బాగా వచ్చినవారికి చెరువు తెలియదు, చెరువు తెలిసిన ఏజెంట్‌కు ఇంగ్లిష్ రాదు. మధ్యలో సమాచారం దాచుకున్నవాడు లాభపడతాడు. ఇన్ఫర్మేషన్ ఎసిమెట్రీ అని మూడు మార్కుల ప్రశ్నగా చదివేది ఇదే. పల్లె నుంచి వచ్చి, ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివిన విద్యార్థికి నగరంలో పెరిగినవారి మీద పైచేయి ఉండేది సరిగ్గా ఇక్కడే. ఆ సంగతి అతనికి ఎవరూ చెప్పరు. పైగా తెలుగు మీడియం అన్నందుకు సిగ్గుపడేలా చేస్తారు.

ఇప్పుడు ఏఐ ఉందిగా, మెయిల్ అదే రాసిపెడుతుంది కదా అనేవాళ్లున్నారు. నిజమే, వ్యాకరణం గొడవ చాలావరకు తీరింది. కానీ ఎన్ని టన్నులకు మాట ఇవ్వాలో, ఏ సుంకం ఎవరు కట్టాలో, చెడ్డ వార్త ఈరోజు చెప్పాలో రేపు చెప్పాలో అది తేల్చదు. మర్యాదగా రాయమంటే మర్యాదగానే ‘యాజ్ సూన్ యాజ్ పాజిబుల్’ అని రాసిస్తుంది. వచ్చింది సరిగా ఉందో లేదో చూసి కొట్టేయగలవాడికే అది పనికొస్తుంది.

రాష్ట్రంలో డిగ్రీ కోర్సులు 2021-22 నుంచి ఇంగ్లిష్ మీడియంలోకి మారాయి. బోధన భాష మారింది, పరీక్ష తీరు పెద్దగా మారలేదు. గైడ్‌లోని డిమాండ్ సూత్రాన్ని ఇంగ్లిష్‌లో బట్టీ పట్టి రాస్తే మార్కులు వస్తాయి. మద్దిలపాలెంలో ప్రభుత్వ డిగ్రీ కాలేజీకి పేరున్న డాక్టర్ వి.ఎస్.కృష్ణ ఎకనామిక్స్ మనిషే, 1949 నుంచి 1961 దాకా ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వైస్ చాన్సలర్‌గా ఉన్నారు. ఆ కాలేజీ నుంచి పోర్టు ఎంతో దూరం లేదు. పీరియడ్లు కూడా కొత్తవి అక్కర్లేదు. ఇప్పుడున్న ఇంగ్లిష్ పేపర్లలో ఒక సెమిస్టర్‌ను ఇద్దరు లెక్చరర్లు కలిసి నడిపితే సరిపోతుంది. ఒక సీహెచ్‌ఏ ఆఫీసు నుంచి పేర్లు కొట్టేసిన పాత కాగితాల కట్ట, రెండు నెలలకోసారి వచ్చే రిజర్వ్ బ్యాంక్ పరపతి విధాన ప్రకటన, కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎంపెడా ప్రకటించే సముద్ర ఉత్పత్తుల ఎగుమతి లెక్కలు, ఇవే పాఠ్యపుస్తకం. శాతానికీ, శాతాల మధ్య తేడాకూ ఉన్న భేదం రెపో రేటు ప్రకటన చదివితేనే తెలుస్తుంది. అడ్డంకి ఒకటుంది. ఇలాంటి జవాబులు దిద్దడం కష్టం, అరవై మంది అరవై రకాలుగా రాస్తారు. ఇప్పటి లెక్చరర్లలో చాలామంది గెస్ట్, కాంట్రాక్ట్ పద్ధతిలో పనిచేస్తున్నారు, అదనపు పని చేయమని వాళ్లను అడిగే ముఖం యాజమాన్యాలకు లేదు. సిలబస్ మార్చే ముందు వాళ్ల జీతాల సంగతి తేల్చాలి. అది తేలేదాకా కూడా, సెమిస్టర్ పరీక్షలో కనీసం ఒక్క ప్రశ్న మార్చవచ్చు. ఒక పట్టిక ఇచ్చి, దాన్ని ఒక విదేశీ కొనుగోలుదారుకు ఆరు ఇంగ్లిష్ వాక్యాల్లో, ఒక రొయ్యల రైతుకు ఆరు తెలుగు వాక్యాల్లో వివరించమని అడగడం. పది మార్కులు.