ఫైర్‌ప్లేస్ విమోచనోద్యమం

బ్రిటన్ లాంటి చలిదేశాల్లో పాత ఇల్లు కొన్నవారికి నా విజ్ఞప్తి ఒక్కటే. హాల్లో గోడను వేలితో తట్టండి. డొల్లగా మోగిందంటే, దశాబ్దాల కిందట ఎవరో ఇటుకలు పేర్చి సమాధి చేసిన ఫైర్‌ప్లేస్, అంటే గది వెచ్చబడటానికి గోడలో కట్టిన పొయ్యి, అక్కడ ఉండే అవకాశముంది. అది తెలిసి కూడా హీటరు వేసుకుని సుఖంగా టీవీ చూసేవారిని నాగరికులని నేను ఒప్పుకోను.

దాన్ని మూయించినవారికి సౌందర్య దృష్టి లేదు. వారికి ఉన్నదల్లా తెల్లారకముందే లేచి బూడిద ఎత్తిపోసిన అనుభవం, బొగ్గు బకెట్లు మోసి పట్టేసిన నడుము, ఎంత తుడిచినా పోని మసి. ఇలాంటి అల్ప కారణాలతో పక్షపాతం పెంచుకుని, హీటరు రాగానే మేస్త్రీని పిలిచారు. ఫైర్‌ప్లేస్ గొప్పతనాన్ని నిష్పాక్షికంగా అంచనా వేయాలంటే జీవితంలో ఒక్క శీతాకాలమైనా దానితో వేగి ఉండకూడదు. ఆ అర్హత మన తరానికే దక్కింది.

చరిత్ర ఆ మూయించినవారి పక్షమేనని కొందరు వాదిస్తారు. 1952 డిసెంబరులో లండన్‌ను కమ్మిన పొగమంచు వేల మందిని బలి తీసుకుంది. ఇళ్లలో కాల్చిన బొగ్గుకు అందులో పెద్ద వాటా ఉంది. 1956లో బ్రిటన్ పార్లమెంటు చట్టం చేసి ఆ పొగకు కళ్లెం వేసింది. ఊపిరి పీల్చుకునేవారి పట్ల చట్టసభలకు అప్పుడప్పుడూ ఇలాంటి బలహీనత కలుగుతుంటుంది, పోనివ్వండి.

ఇక పనిలోకి దిగుదాం. సుత్తి ఎత్తే ముందు, పై గోడను మోసే అడ్డదూలం, అదే లింటెల్, ఉందో లేదో చూడమని ఇంజినీర్లు బతిమాలుతారు. పై గోడ బరువు దేని మీద నిలిచిందో తెలుసుకోకుండా ఇటుకలు లాగితే ఫైర్‌ప్లేస్‌తోపాటు ఆకాశమూ కనిపించవచ్చు. ఇటుకలు తీయగానే మసి, పక్షిగూళ్లు, ఆ గూళ్లు కట్టినవాటి ఎముకలు ఒక్కసారిగా కార్పెట్ మీదికి దిగుతాయి. లోపల తరచూ మరో చిన్న పొయ్యి ఉంటుంది. దాన్నీ పగలగొడితే వెనక ఇంకా పెద్దది బయటపడుతుంది. పొయ్యి లోతు తగ్గించి, పక్క గోడలను ఏటవాలుగా తిప్పి, పొగగొట్టం మొదట్లో ఇరుకు చేస్తే గది మరింత వెచ్చబడుతుందని 1796లోనే కౌంట్ రమ్‌ఫర్డ్ అనే శాస్త్రవేత్త రాశాడు. అప్పటినుంచి తరతరాలూ ఆ కన్నాన్ని చిన్నది చేసుకుంటూ వచ్చాయి. దాన్ని మళ్లీ పెద్దది చేస్తున్న ఘనత మనది. కొందరికైతే ఈ దశలోనే, పై అంతస్తులో ఎవరో పొగగొట్టాన్ని కూల్చి పడకగది పెంచుకున్నారన్న సంగతి తెలుస్తుంది.

పొగగొట్టం మిగిలి ఉన్నా దానికి పగుళ్లు ఉండవచ్చు. మంట నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు వాటిలోంచి గదుల్లోకి చొరబడవచ్చు. దానికి రంగూ లేదు, వాసనా లేదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. అందుకని మసి దులిపించాలి, పొగ పరీక్ష చేయించాలి, అవసరమైతే లోపల స్టీలు గొట్టం దింపించాలి, గదిలో ఆ వాయువును పసిగట్టే అలారం బిగించాలి. ప్రశాంతంగా మంట ముందు కూర్చుని, అది మనల్ని చంపకుండా ఒక యంత్రాన్ని కాపలా పెట్టుకోవడంలోని హాయి అనుభవిస్తేగాని తెలియదు.

నన్ను పూర్తిగా ముగ్ధుణ్ణి చేసింది మాత్రం గాలి లెక్క. మంట మండాలంటే గాలి కావాలి. చలి రాకుండా రెండు పొరల అద్దాలతో కిటికీలు బిగించుకున్న గదిలో గాలి ఎక్కడిది? అది చాలకపోతే పొగ పైకి పోకుండా గదిలోకే తిరిగి వస్తుంది. పొమ్మనలేని బంధువులుంటే ఆ ఏర్పాటూ మంచిదే. లేనివారు గోడకు శాశ్వతంగా ఒక రంధ్రం పెట్టించి చలిగాలిని లోపలికి ఆహ్వానించాలి. ఆ చలిగాలి మంటను పోషిస్తుంది, మంట చలిని తరుముతుంది. ఈలోగా వేడిలో సింహభాగం, గదిలో అప్పటికే వెచ్చబడిన గాలిని కూడా వెంటబెట్టుకుని పొగగొట్టం గుండా ఆకాశానికి చేరుతుంది. మన ఔదార్యం పక్షులకైనా అర్థమవుతుంది.

మంట లేని రోజుల్లో కూడా పొగగొట్టం తన బాధ్యత మరవదు. గదిలోని వెచ్చదనాన్ని రాత్రింబగళ్లు పైకి తోడిపోస్తూనే ఉంటుంది. దీనికి బజారులో గాలి ఊదే బుడగలు అమ్ముతున్నారు. పొగగొట్టంలోకి దూర్చి ఊదితే దారి మూసుకుపోతుంది. ఇటుకలు చేసిన పనే ఇదీ చేస్తుంది కదా అని గిట్టనివారు అంటారు. వారికి ఆధునికత అర్థం కాదు. ఇటుకలను ఏటా మార్చనక్కరలేదు, బుడగ చిల్లుపడితే కొత్తది కొనుక్కోవచ్చు. మంట వేసే ముందు దాన్ని బయటికి తీయడం మాత్రం మరవకండి.