అందరూ ఫోన్లకే అతుక్కుపోయారా?

కరోనా కాలంలో టీనేజీ పిల్లలంతా ఫోన్లకు అతుక్కుపోయారని మీ వ్యాసంలో రాశారు. మా ఇంట్లో ఉన్నదే ఒక్క ఫోను, అదీ నాన్న పనికెళ్తే ఆయన జేబులో. 2020లో నాది పదో తరగతి, తెలంగాణలో. తెలుగు రెండు పేపర్లు, హిందీ రాశామో లేదో లాక్‌డౌన్ పడింది. జూన్‌లో మిగతావి రద్దు చేసి, ఇంటర్నల్ మార్కులతో అందరినీ పాస్ చేశారు. చుట్టాలు ఇప్పటికీ ‘కరోనా బ్యాచ్’ అంటారు (నవ్వుతూనే లెండి). ఇంటర్ పాఠాలు టీవీలో, యాదగిరి ఛానెల్లో. సరిగ్గా కెమిస్ట్రీ టైముకే కరెంటు పోయేది.

అదే ఏడు ఇంగ్లండులో ఏ-లెవెల్ (మన ఇంటర్ లాంటివి) పరీక్షలు లేక కంప్యూటర్ లెక్కతో గ్రేడ్లు వేశారు. టీచర్లు అంచనా వేసిన ప్రతి పది గ్రేడ్లలో దాదాపు నాలుగింటిని తగ్గించేశారు. పిల్లలు రోడ్డెక్కితే నాలుగు రోజుల్లో ప్రభుత్వం వెనక్కి తగ్గింది. మాకు రోడ్డెక్కాలన్న ఊహే రాలేదు.

ఉగాండాలో అయితే 2020 మార్చిలో మూసిన బళ్ళు పూర్తిగా తెరిచింది 2022 జనవరిలో. ఈలోగా ఎందరో ఆడపిల్లలు తల్లులయ్యారు. అంత దూరం ఎందుకు, మా బ్యాచ్‌లోనే ఇద్దరమ్మాయిలు ఇంటర్‌లో చేరలేదు. ఒకమ్మాయికి ఆ వేసవిలోనే పెళ్ళి చేసేశారు, పాతిక మందితో, ఖర్చు కలిసొస్తుందని. మీ వ్యాసంలో వాళ్ళ ఊసే లేదు.